గుమ్మడికాయ మీద తాత మొహం

మా మనవరాలు ఆద్య నా ఒళ్ళో ఒక దూది ఉండ పడేసి, దాన్ని బూజులాగా సాగదీయమంది. సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. "బూజు నానమ్మా, సాలెగూడు. టేబుల్ చుట్టూ వేలాడాలి" అంది. పెళ్ళయిన నాటి నుంచి పండుగ పండుగకీ పొడుగాటి కర్రకు చీపురు కట్టి, తలకు గుడ్డ చుట్టుకుని, మూలమూలలా బూజు దులపడంలో నా ఆయుష్షులో మంచి భాగమే ఖర్చయింది. ఇప్పుడు చెయ్యి పైకెత్తితే భుజం పట్టేసే వయసు వచ్చాక, ఇంటినిండా బూజు కట్టమంటున్నారు. కాదనలేక దూది సాగదీస్తూ కూర్చున్నాను. మా కోడలు స్వప్న అటుగా పోతూ చూసి, "బాగా వస్తోంది అత్తయ్యా, ఆ మూలన ఇంకొంచెం ఎక్కువ వెయ్యండి" అంది. పాతికేళ్ళ కిందట ఏ కోడలైనా అత్తతో ఆ మాట అని ఉంటే అది కొట్లాటకు మొదలు అయ్యేది.

మేముండేది చాంద్రాయణగుట్టలో, బాల్కనీలో నిలబడితే ఫ్లైఓవర్ కనబడే అపార్ట్‌మెంట్‌లో. మా బిల్డింగ్ పిల్లలంతా కలిసి సెల్లార్‌లో దయ్యాల పార్టీ పెట్టుకున్నారు. ఒక్కో ఇంటికి ఒక్కో టేబుల్. టేబుల్ మీద పెట్టేది ఏదైనా చేత్తో చేసిందే అయి ఉండాలి, బజారులో కొన్నది పనికిరాదు. ఎవరి టేబుల్ చూస్తే ఎక్కువ భయం వేస్తుందో వాళ్ళకు బహుమతి. స్వప్న దానికోసం బ్యాంకులో ఒక పూట సెలవు పెట్టింది. మా అబ్బాయి తనకు మీటింగ్ ఉందని చెప్పి, మీటింగ్‌కు వేసుకోని బట్టల్లో బయటికి వెళ్ళిపోయాడు. నల్ల చార్టు కత్తిరించి గబ్బిలాలు చేశాం. దూది ఉండ మీద తెల్లగుడ్డ కప్పి, మెడ దగ్గర దారం కట్టి, కాటుకతో కళ్ళు పెడితే చిన్నచిన్న దయ్యాలు తయారయ్యాయి. వేళ్ళలాగా బిస్కెట్లు చేసి, చివరన బాదంపప్పులు గోళ్ళలాగా అద్దింది స్వప్న. శుభమా అని పిల్లలు పార్టీ పెట్టుకుంటూ ఉంటే టేబుల్ మీద నల్లగుడ్డ పరిచినప్పుడు మాత్రం నా లోపల ఎవరో "అరే" అన్నారు.

"భయం వెయ్యాలి నానమ్మా, కానీ మరీ భయం వెయ్యొద్దు. సెకండ్ ఫ్లోర్ బంటీ ఏడుస్తాడు" అని ఆద్య నాకు పని ఎంతవరకో చెప్పింది. భయంలో చిన్న సైజు, పెద్ద సైజు ఉంటాయని నాకు ఈ వయసులో తెలిసింది.

గుమ్మడికాయ తెచ్చే పని నాకు పడింది. మాదన్నపేట మార్కెట్‌కు ఆటోలో వెళ్ళి, ఎర్రగా ఉన్న ఒక కాయను తట్టి చూస్తుంటే, అమ్మే ఆమె, "కూరకా అమ్మా, ఇంటికి కట్టనీకా? కట్టనీకైతే బూడిద గుమ్మడి తీస్కో. ఇది మంచి గుమ్మడి, కూరకు" అంది. రెంటికీ కాదు, దావత్‌కు అన్నాను. ఏం దావత్ అంది. దయ్యాల దావత్ అన్నాను. ఆమె కాయ సంచిలో వేస్తూ, "మా ఇంట్ల అది రోజు నడుస్తది, గుమ్మడికాయ లేకుంటనే" అంది.

ఇంటికి వచ్చి రంగులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. స్వప్న ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. మూడు మూలల కళ్ళు, మూడు మూలల ముక్కు, పళ్ళు ఊడిన నోరు. అలాగే వేద్దామని కుంచె ముంచాను. చెయ్యి నా మాట వినలేదు. మొదట ఒక కనుబొమ పైకి లేచింది. దాని కింద పెద్ద ఎర్రటి కన్ను వచ్చింది. తర్వాత ముక్కు కింద రెండు వైపులా గుబురుగా మీసం వచ్చి, కాయ వంపు తిరిగే చోటు దాకా పోయింది. ఆద్య తల పక్కకు వంచి చూసింది.

"దయ్యానికి మీసాలుంటాయా?"

"మా దయ్యానికున్నయి."

"ఎవరది?"

"మా తాత" అన్నాను.

మా తాత యాదగిరికి ఛత్రినాకలో రంగులూ సున్నమూ అమ్మే దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక వాకిలి. జాజు, పసుపు, కుంకుమ, ముగ్గుపిండి, కొబ్బరితాళ్ళు, కుంచెలు, అన్నీ ముందు గదిలో బస్తాల్లోనూ డబ్బాల్లోనూ ఉండేవి. వెనక గోలెంలో సున్నపురాళ్ళు నానేసేవారు. నీళ్ళు పోయగానే అది బుసబుసమని ఉడికి, వేడి ఆవిరి వాసన ఇల్లంతా కమ్మేది. ఆ వాసనే మా ఇంటి వాసన. అన్నంలోనూ అదే, పక్కబట్టల్లోనూ అదే, మా జడల్లోనూ అదే. ఏళ్ళతరబడి సున్నపు దుమ్ములో కూర్చుని కూర్చుని తాత కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కోపం లేనప్పుడు కూడా కోపంగా ఉన్నట్టే కనిపించేవాడు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో కానీ, దానివల్ల ఆయనకు మస్తు శ్రమ తప్పింది.

పొద్దున ఆయన దగ్గు మా ఇంటికి సైరన్. ఆ దగ్గు వినబడేలోపు అమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాంపి చల్లి, ముగ్గు వేసి, రాగి బాయిలర్ కింద నిప్పు పెట్టి ఉండాలి. దగ్గు వినబడ్డాక ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఆయన ఒక్కడే పీట వేసుకుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తినేవాడు. ఆయన తింటున్నంతసేపూ గిన్నెల చప్పుడు కూడా కాకూడదని అమ్మ గరిటెను గుడ్డలో చుట్టి పట్టుకునేది. మా నాయిన అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. అయినా తాత చెప్పుల కిర్రు వినబడితే చేతిలో ఉన్న బీడీని ఎక్కడ పడితే అక్కడ దాచేసేవాడు. నాయిన చొక్కాలన్నింటికీ జేబు దగ్గర చిన్నచిన్న కాలిన చిల్లులుండేవి. అదే తాత దుకాణంలో గద్దె మీద కూర్చుని, "క్యా హోనా మియా?" అని ఏం కావాలో ఉర్దూలో అడిగి మాట కలిపితే వేరే మనిషి. కొనడానికి వచ్చినవాళ్ళతో హాస్యాలాడేవాడట, నవ్వేవాడట. ఉర్దూలో ఆయన నవ్వుతాడని మేము విన్నాం. తెలుగులో నవ్వగా ఎవరూ చూడలేదు.

నాయినకు అక్క, అనసూయత్త. ఆమెను జనగామ వైపు ఇచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం రిక్షా దిగి, రేకుపెట్టె చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. తాత అప్పుడు అన్నం తింటున్నాడు.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు.

"ఆడ నాకు నిద్ర పడ్తలేదు బాపు" అంది అత్త.

తాత ఇంకో ముద్ద కలపలేదు. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సాయంత్రం నాయినను పిలిచి తీర్పు చెప్పాడు. ఉండనీ, తిననీ, కానీ నాతోటి మాట్లాడొద్దు, నేను మాట్లాడ. అంతే. నిద్ర పడటం లేదని మొగుణ్ణి వదిలి వచ్చిన మనిషిని మా చుట్టాలు అంతవరకూ చూడలేదు. వచ్చినవాళ్ళల్లా బుగ్గలు నొక్కుకుని, మా ఇంట్లో చాయ్ తాగి, పక్కింట్లో ఆ మాట చెప్పుకునేవారు. నిద్ర ఎందుకు పడలేదని మాత్రం ఎవరూ అడగలేదు. మా ఇంటికి వచ్చాక అత్త తల చాప మీద ఆనించడం ఆలస్యం, నిద్రపోయేది. అది చూసి చుట్టాలకు ఇంకా కోపం వచ్చింది.

తాత మాట మీద నిలబడే మనిషి. అత్తతో మాట్లాడలేదు, ఆమె వైపు చూడలేదు. కానీ ఇంట్లో వంట సగం అత్తదే, నీళ్ళు తోడేది ఆమే, ఆయన తువ్వాలు ఎక్కడుందో తెలిసింది ఆమెకే. అందుకని ఆయన గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "గోడా, ఇయ్యాల పప్పుల ఉప్పెక్కువైంది" అనేవాడు. "గోడా, రేపు తక్కువేస్తనని చెప్పు" అని అత్త పొయ్యి దగ్గర నుంచి అనేది. "గోడా, తువ్వాలేడ వాయె?" "గోడా, భుజం మీదనే ఉన్నది." ఏటేటా మా సున్నమే వేసుకునే ఆ గోడతో మాట్లాడినంతగా తాత మాతో ఎవరితోనూ మాట్లాడలేదు. మాకు ఆ గోడ అంటే కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది.

ఇల్లు కట్టుకునేవాళ్ళు మా దుకాణానికి సున్నం కోసం వచ్చి, పనిలో పనిగా దిష్టి బొమ్మ కూడా అడిగేవారు. కొత్త ఇంటి ముందు బూడిద గుమ్మడికాయ మీద భయంకరమైన మొహం వేసి కట్టడం ఇప్పటికీ ఉంది కదా, అదే. పక్క గల్లీలో వాటిని వేసే ముసలాయనకు చూపు పోయింది. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోతుంటే చూసి, ముగ్గులు బాగా వేసే మా అత్త ఒకరోజు వెనక వాకిట్లో ఒక కాయ, కుంచె ముందు పెట్టుకుని కూర్చుంది. కోరలు పెట్టింది, నాలుక పెట్టింది, కొమ్ములు కూడా పెట్టింది. కానీ ఏం చేసినా మొహం నవ్వుతూనే వచ్చింది. మాదన్నపేటలో ఇళ్ళు కట్టే మేస్త్రీ ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందక్కా ఇది? రాక్షసుడా, పెండ్లికొడుకా? గిట్ల నవ్వుతుంటే దిష్టి లోపలికొచ్చి కూసోని చాయ్ అడుగుతది" అన్నాడు.

అత్తకు పట్టుదల వచ్చింది. కాయల మీద వేసి కడిగి, వేసి కడిగి విసిగిపోయింది. ఒక పొద్దున అలా కూర్చుని ఉండగా ముందు దుకాణంలో తాత దగ్గాడు. అత్త ఆ వైపు ఒకసారి చూసి, కుంచె తీసుకుని, ఎక్కడా ఆగకుండా వేసేసింది. పైకి లేచిన ఒక కనుబొమ, ఎర్రటి కళ్ళు, గుబురు మీసం, మూసుకున్న నోరు. కోరల్లేవు, కొమ్ముల్లేవు. బియ్యం చెరుగుదామని చాట పట్టుకుని అప్పుడే వాకిట్లోకి వచ్చిన అమ్మ దాన్ని చూసింది. చాటలో బియ్యం సగం కింద పడ్డాయి.

"వదినా! ఇది మామ గద!"

"ఊకో. ఎవలకు తెల్వది."

"ఎవలకు తెల్వకపోవుడేంది? చాట్ల బియ్యం పడిపాయె నాకు!"

మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. కాయను చూసి ఒక అడుగు వెనక్కు వేశాడు. "గిది. గిదే కావాలె. ఇంటి పెద్దమనిషి తిడుతున్నట్టే ఉంది" అని చంకన పెట్టుకుని పోయాడు. తర్వాతి వారం నుంచి మా వెనక వాకిలికి జనం రావడం మొదలైంది. మీసాల బొమ్మ కావాలని అడిగి మరీ తీసుకుపోయేవారు. ఛత్రినాకలో, మాదన్నపేటలో, అటు చాంద్రాయణగుట్ట దాకా లేస్తున్న కొత్త ఇళ్ళ ముందు మా తాత వేలాడసాగాడు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, "మీ తాత మా ఇంటి కాడ ఉన్నడు" అనేది. నాయిన పరిస్థితి మరీ ఘోరం. ఇంటి నుంచి దూరంగా వచ్చి ధైర్యంగా బీడీ వెలిగించుకుని, తలెత్తి చూస్తే ఏదో ఒక గుమ్మం మీద నుంచి తాత చూస్తూ ఉండేవాడు. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయేది.

తాతకు మాత్రం ఏమీ తెలియదు. అత్త వైపు చూడనని పట్టుబట్టిన మనిషి కనుక అత్త చేసినవాటి వైపు కూడా చూసేవాడు కాదు. వాకిట్లో తన మొహాలు వరసగా ఎండలో ఆరుతుంటే, వాటి పక్కనుంచే నేల చూపులు చూస్తూ స్నానానికి పోయి వచ్చేవాడు. దారిలో నడిచేటప్పుడు పైకి చూసే అలవాటు ఆయనకు ముందే లేదు. మిగిలినవాళ్ళం చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాం. తెలిసిన రోజున అత్తను ఇంట్లోంచి వెళ్ళగొడతాడని అమ్మకు గట్టి నమ్మకం. అందుకే అత్తను బతిమాలేది. "వదినా, ఆ మీసమన్న తీసెయ్. యాడికి పోతవ్ మళ్ళ? ఆడికే పోతవా?" అత్త వింటూనే కుంచెతో మీసం దిద్దేది.

తాతకు చిన్ననాటి దోస్తు కిష్టయ్య. బెల్లం వ్యాపారి. తాతను ఒరేయ్ అని పిలవగలిగిన మనిషి ఈ భూమి మీద ఆయన ఒక్కడే. ఆయన మాదన్నపేటలో కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశానికి మమ్మల్నందరినీ పిలిచాడు. అత్తను అలాంటి వాటికి తీసుకుపోయేవారు కాదు కనుక ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. తాత తెల్లధోవతి కట్టుకుని ముందు నడిచాడు. వెనక నాయిన, అమ్మ, మేము. గేటు దగ్గరికి రాగానే నాయిన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. పైన, గుమ్మానికి సరిగ్గా మధ్యలో, చుట్టూ మామిడాకుల తోరణంతో, మా అత్త వేసినవాటిలోకెల్లా పెద్ద కాయ.

కిష్టయ్య చేతులు చాచి ఎదురొచ్చాడు. "రా రా యాదగిరి! నువ్వు రాకముందే వచ్చి కూసున్నవ్ గద, సూడు పైకి! ఇగ నా ఇంటి మొఖాన ఏ దిష్టి సూస్తది?"

తాత తల పైకెత్తాడు. భజంత్రీలు మోగుతున్నాయి, లోపల ఎవరో నెయ్యి కాచిన వాసన వస్తోంది, మనుషులు మమ్మల్ని తోసుకుని లోపలికి పోతున్నారు. తాత అలాగే నిలబడి చూశాడు. కింద మొహమూ పైన మొహమూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. రెంటిలో ఏది ఎక్కువ భయంకరంగా ఉందో ఆ క్షణంలో నేను చెప్పలేకపోయాను.

"ఎవలు చేసిండ్రు?" అన్నాడు చివరికి.

"ఎవలేంది? నీ బిడ్డ! బస్తీ అంతట నువ్వే ఉన్నవ్, నీకెర్క లేదా?"

తాత లోపలికి పోయి, పూజ అయ్యేదాకా కూర్చుని, పంక్తిలో భోజనం చేశాడు. రెండోసారి పాయసం కూడా పోయించుకున్నాడు. నాయిన మాత్రం విస్తరిలో వేలు పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు తాత జీవితంలో మొదటిసారి తల పైకెత్తుకుని నడిచాడు. ఒక గుమ్మం, ఇంకో గుమ్మం, మరో గుమ్మం. ప్రతిచోటా ఒక్కసారి ఆగి చూసి, మళ్ళీ నడిచాడు. మేము ఆయన వెనక శవయాత్రలో పోతున్నట్టు నడిచాం.

ఇంటికి వచ్చేసరికి అత్త వెనక వాకిట్లో కాయ ముందు కూర్చుని ఉంది. తాత నేరుగా అక్కడికే పోయాడు. నాయిన అడ్డం పడటానికి సిద్ధంగా పక్కన నిలబడ్డాడు. తాత అలవాటు కొద్దీ ముందు గోడ వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. మెల్లగా ఇటు తిరిగాడు.

"అనసూయా" అన్నాడు.

అత్త చేతిలో కుంచె ఆగింది.

"నా కండ్లు గంత ఎర్రగుంటయా?"

అత్త కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "సున్నపు దుకాణంల కూసుంటే ఉండయా బాపు" అంది.

"మీసం?"

"మీసం ఇంక పెద్దగుంటది. కాయ మీద జాగ సాలలే."

తాత గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకుని అమ్మ నీళ్ళు తేవడానికి పరుగెత్తింది. అది దగ్గు కాదని మాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తెలుగులో ఆయన నవ్వు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు కదా.

తర్వాత ఇంట్లో శాంతి వచ్చిందనుకుంటే పొరపాటు. అన్నాళ్ళూ గోడకు చెప్పిన మాటలన్నీ ఆయన ఇప్పుడు అత్తకే నేరుగా చెప్పడం మొదలుపెట్టాడు. అందులోనూ ఎక్కువ భాగం ఆయన మొహం గురించి. దుకాణంలో బేరం తగ్గగానే వాకిట్లోకి వచ్చి పీట వేసుకుని, "ముక్కు గింత వంకర లేదు" అనేవాడు. "ఉన్నది బాపు." "లేదంటున్న గద!" "అద్దం తెస్త, సూస్కో." పొద్దస్తమానం లొల్లి. వెనక ఆరే కాయలను ముందు దుకాణంలోకి తెచ్చి, గద్దె పక్కనే వరసగా పెట్టించాడు. కొనేవాళ్ళు బొమ్మనూ ఆయననూ మార్చి మార్చి చూస్తే మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. "గోడతోని మాట్లాడినప్పుడే ఇల్లు సల్లగుండె" అని అమ్మ విసుక్కునేది.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం, అత్త కుంచెతో కనుబొమ దిద్దుతుండగా, తాత మామూలు గొంతుతోనే అడిగాడు.

"ఆడ నిద్రెందుకు పడకపోతుండె?"

అత్త కుంచె ఆపలేదు. "పొద్దూకంగనే ఆయన నన్ను గదిల పెట్టి బయటికెల్లి గొళ్ళెం పెడ్తుండె బాపు. మళ్ళెప్పుడు తీస్తడో, తీస్తడో తియ్యడో తెల్వకపోతుండె. గొళ్ళెం సప్పుడు ఇనుకుంట కూసుంటుంటి" అంది.

తాత లేచి దుకాణంలోకి పోయాడు. మర్నాడు పొద్దున దగ్గుకు బదులు సుత్తి చప్పుడుతో ఇల్లు లేచింది. అత్త పడుకునే గది తలుపుకు బయటివైపున్న గొళ్ళేన్ని తాత ఊడబీకుతున్నాడు. మేకులు తుప్పు పట్టి రావడం లేదు. నాయిన సాయం చేయబోతే చెయ్యి విదిలించాడు. ఊడదీసి, దుకాణంలో పాత ఇనుము వేసే డబ్బాలో పడేసి, తలుపుకు మిగిలిన రంధ్రాలను చెక్కపొడి, జిగురు కలిపి తనే పూడ్చాడు. ఆ రోజు అన్నం తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదు. గోడతో కూడా.

ఆ తర్వాత అత్త వేసే మొహాలు మారాయి. ఆమె కావాలని మార్చలేదు. కళ్ళు అలాగే ఎర్రగా ఉండేవి, మీసం అలాగే గుబురుగా ఉండేది, కానీ చూస్తే భయం వేసేది కాదు. మేస్త్రీ వచ్చి తల గోక్కున్నాడు. "ఏమైందక్కా? పెద్దమనిషి మెత్తవడ్డడు." కొనేవాళ్ళు తగ్గిపోయారు. అమ్మ ఒకరోజు ఉండబట్టలేక, "వదినా, మీ ఆయన మొఖమెయ్యరాదు? అందరు జడుసుకుంటరు" అంది. అత్త కోపగించుకోలేదు. ఆలోచించి మరీ చెప్పింది. "ఆ మొఖం గుమ్మానికి కడ్తే జడుసుకునేది ఇంట్లున్నోళ్ళు, బయటోళ్ళు కాదు." కాయలు మానేసి, బోనాలప్పుడు అమ్మవారికి ఇచ్చే తొట్టెలు కట్టడం నేర్చుకుంది. వెదురుబద్దలూ రంగుకాగితాలూ ఇల్లంతా పరుచుకున్నాయి. తాత వాటిని దుకాణం ముందు వేలాడదీసి, వచ్చిన ప్రతివాడికీ, "మా అనసూయ చేసింది" అని అడగకముందే చెప్పేవాడు.

ఇదంతా చెప్పేసరికి ఆద్య బిస్కెట్ వేళ్ళలో సగం గోళ్ళు పీకి తినేసింది. సాయంత్రం సెల్లార్‌లో మా టేబుల్‌కు బహుమతి రాలేదు. అయిదో ఫ్లోర్‌వాళ్ళు పుర్రె కంట్లో బల్బు పెట్టారు, వాళ్ళకు వచ్చింది. బంటీ మా టేబుల్ దగ్గర ఏడవలేదు కానీ, మీసం ఎందుకు వేశారని నన్ను మూడుసార్లు అడిగాడు. వాళ్ళ కేకలు వింటూ నేనొక కుర్చీలో కూర్చుని ఈ పిల్లల అదృష్టం గురించి ఆలోచించాను. ఇంట్లో వీళ్ళు ఎవరికీ భయపడరు. ఆద్య వాళ్ళ నాన్నను పేరు పెట్టి పిలిచి ఆట పట్టిస్తుంది, మా అబ్బాయి దగ్గితే కషాయం తాగమని అందరూ అతనికే చెబుతారు. భయం కావాలంటే పాపం దూదీ కాగితాలూ కత్తెరా పెట్టుకుని, ఒక పూట సెలవు పెట్టి, చేత్తో తయారుచేసుకోవాలి. మాకు ఆ కష్టం లేకపోయింది. గద్దె మీద తయారుగా కూర్చుని ఉండేది. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను, గుడ్డలో చుట్టిన ఆ గరిటెను తలుచుకుంటే ఇప్పటికీ అమ్మ మీద జాలేస్తుంది. కాకపోతే ఇన్నేళ్ళయినా నా చెయ్యి ఆ ఒక్క మొహాన్నే వేస్తుందంటే, భయం ఒక్కటే అయితే ఇంతకాలం నిలిచి ఉండేది కాదేమో అనిపిస్తుంది.

తాత పోయినప్పుడు దినాల రోజున దండ వేయడానికి ఒక్క ఫోటో కూడా దొరకలేదు. కెమెరా డబ్బా ఆయుష్షు గుంజుకుంటుందని ఆయన ఎన్నడూ ఫోటో దిగలేదు. అత్త ఒక అట్ట తీసుకుని గదిలో కూర్చుంది. ఎన్ని కాయల మీద వేసిన మొహమో అది, అయినా ఆ రోజు చాలాసేపు పట్టింది. బయటికి తెచ్చి పీట మీద ఆనించాక మేము చూశాం. కనుబొమలు రెండూ సమానంగా ఉన్నాయి. కళ్ళలో ఎరుపు లేదు. పెదాలు, ఏదో చెప్పబోయి ఆగినట్టు, కొంచెం విడి ఉన్నాయి. వచ్చిన చుట్టాలు దాని ముందు నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఇదెవలు అనసూయా? మీ బాపుది పెట్టలేదేంది?" అంది వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె.

అత్త బంతిపూల దండ సరిచేస్తూ, వెనక్కు తిరగకుండానే, "గిదే బాపు. మీరు సూడలే" అంది.